ముప్పై ఎనిమిది సెకన్ల నడక

నేను ఒక మౌస్‌ని. తోకతో సహా తూకం వేసినా నూట పాతిక గ్రాములు దాటను. ఎడమ మీట, కుడి మీట, మధ్యలో ఒక చక్రం, కడుపు కింద ఎర్ర దీపం. ఇదే నా ఆస్తి. దీనితోనే పదకొండేళ్ళు నెట్టుకొచ్చాను. నా బతుకును తీర్చిదిద్ది కథగా చెప్పమంటే నాకు చేతకాదు. ఎక్కడ ఎంత ఇచ్చాను, ఎక్కడ ఏం మిగిలింది అని చెప్పమంటే మాత్రం నికరంగా చెప్పగలను.

సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. పుట్టాను అనడం గొప్పకే, నిజానికి అచ్చులో పోసి తీశారు. ఒక అమ్మాయి నా ఎడమ మీట కింద గోరంత స్విచ్చి బిగించి ఒక యంత్రం ముందు పెట్టింది. ఆ యంత్రం నన్ను వరసగా టకటకా నొక్కి చూసి సరే అంది. ఇన్ని లక్షల నొక్కుల దాకా ఢోకా లేదని డబ్బా మీద అచ్చు వేశారు. నా పెట్టుబడి అదే. పుట్టినప్పుడు ఎన్ని నొక్కులు ఇచ్చారో అన్నే, కొత్తవి పుట్టవు. అవి ఎవరి చేతిలో, దేనికి ఖర్చవుతాయన్నదే నా లాంటివాళ్ళ బతుకు.

మొదటి బేరం ఒంగోలులో ఒక ఇంటర్నెట్ సెంటర్ వాళ్ళతో కుదిరింది. అది నష్టపు బేరం. పరీక్ష ఫలితాల రోజున పిల్లలు వచ్చి నన్ను ఒక్కసారి నొక్కితే సరిపోయే చోట ఏడుసార్లు నొక్కేవాళ్ళు. గట్టిగా నొక్కితే మార్కులు పెరుగుతాయని మనుషులకు ఎవరు చెప్పారో తెలియదు. తప్పినవాడు నన్ను బల్లకేసి కొట్టేవాడు, పాసైనవాడు కూడా సంతోషం పట్టలేక బల్లకేసే కొట్టేవాడు. నా వరకు ఇద్దరికీ తేడా లేదు. ఆ తరవాత చీరాలలో ఒక దస్తావేజుల లేఖరి బల్ల మీదికి వచ్చాను. ఆయన గంటకొక కాగితం టైపు చేసి మిగతా గంటంతా పేకాట ఆడేవాడు. నా నొక్కుల్లో సగం ఆయన ఇస్పేటు రాణికి అర్పణమైపోయాయి. అక్కడే నా ఎడమ స్విచ్చి అరిగింది. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పలకడం మొదలుపెట్టాను. పేకాటకు పనికిరానని తేలగానే లేఖరి నన్ను ఎదురు షాపులో ఉన్న మీరావలికి ఇచ్చేశాడు.

మీరావలిది పెళ్ళి వీడియోల మిక్సింగ్ షాపు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, గోడకు ఒక టీవీ. నీలం తెర వెనక పాస్‌పోర్ట్ ఫోటోలు తీసే చిన్న గది. ఒక కంప్యూటరు మీద ప్రభుదాసు వీడియో పని చేసేవాడు. రెండో దాని మీద సువార్త ఆల్బమ్‌లు చేసేది. నేను సువార్త చేతికి వచ్చాను.

సువార్తకు అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. చేయి బరువైనదే కాని నొక్కు తేలిక. నా జబ్బు రెండు రోజుల్లో కనిపెట్టి, మీటను నడిమధ్యన కాకుండా అంచున పట్టి నొక్కడం అలవాటు చేసుకుంది. అలా నొక్కితే నేను ఒక్కసారే పలుకుతాను. ఆమె పని పెళ్ళి ఫోటోలను పేజీల్లో సర్దడం. అసలు నేర్పు మాత్రం మనుషుల్ని పక్కకు జరపడంలో ఉంది. పెళ్ళయి ఆరు నెలలు తిరగకుండా అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. అప్పటికి ఆల్బమ్ అచ్చుకు వెళ్ళి ఉండదు. "ఆ చివర ఉన్నవాళ్ళు మాకొద్దండీ" అని ఫోను వస్తుంది. సువార్త ఫ్రేమును కొంచెం లోపలికి జరుపుతుంది. ఆ చివర ఉన్నవాళ్ళు అసలు పెళ్ళికే రానట్టు అయిపోతారు. పండక్కి రాజీ పడ్డామని మళ్ళీ ఫోను వస్తే ఫ్రేమును మళ్ళీ బయటికి జరుపుతుంది.

వీడియో పని మాత్రం ముట్టుకునేది కాదు. మీరావలి ఎన్నిసార్లు నేర్చుకోమన్నా, "కదలని మనుషులతోనే నాకు చాలినంత తంటా భాయ్, కదిలేవాళ్ళ జోలి నాకొద్దు" అనేసేది.

ఆ మాట చెల్లని రోజు ఒకటి వచ్చింది. ఆ రోజు ప్రభుదాసు బావమరిది పెళ్ళికని విశాఖపట్నం రైలెక్కాడు. మీరావలి కెమెరా తీసుకుని వేటపాలెంలో ఓణీల ఫంక్షనుకు పోయాడు. షాపులో సువార్త ఒక్కతే ఉంది. పొద్దున పదింటికి మునెమ్మ వచ్చింది. నెల్లూరు వైపు పిల్ల. సువార్త ఉండే వీధిలోనే ఒక గది తీసుకుని ఎనిమిది నెలలుగా కుట్టు కేంద్రంలో పని నేర్చుకుంటోంది.

"అక్కా, మొన్న మా కేంద్రం సభలో తీసిన వీడియో నీ కాడేనా ఉండేది?"

"ఇక్కడే. సాయంత్రం నాలుగింటికి టౌను కేబుల్లో వస్తది. ఏం, మీ ఇంటి ఓనరుకి టీవీ లేదా?"

"దాంట్లో నేను ఉండకూడదక్కా."

"ఎందుకమ్మా, చీర నచ్చలేదా?" అని సువార్త నవ్వింది.

"వాడు వచ్చుండాడు."

నా మీద ఉన్న చేయి ఆగింది. వాడంటే మునెమ్మ మొగుడు పెంచలయ్య, లారీ డ్రైవరు. ఎనిమిది నెలల కిందట ఆమె పారిపోయి వచ్చినప్పుడు మెడ చుట్టూ పచ్చిగా ఉన్న గుర్తులకు కొబ్బరినూనె రాసింది సువార్తే. నిన్నటి నుంచి అతను బస్టాండు దగ్గర ఫోనులో ఫోటో పెట్టుకుని కనపడినవాళ్ళందరికీ చూపిస్తున్నాడట. ఈ ఊరే అని ఇంకా రూఢి లేదు. దారి పొడుగునా ఊరూరా దిగి అడుగుతూ వస్తున్నాడు. ఈ ఊరేనని తెలిసిన రోజున వదలడు.

"పోలీసులకి చెబుదాం పద."

"పోయినసారి టేషనుకి పోతే ఊళ్ళో పెద్దోళ్ళు సర్దిచెప్పి వాడి ఎనకాలే పంపించినారక్కా. ఇంకోసారి వాడితో పోతే నేను తిరిగి రాను." తిరిగి రాను అన్నప్పుడు ఆమె గొంతులో బెదిరింపు లేదు. ఒక కొలత చెప్పినట్టు చెప్పింది.

సువార్త ఆ వీడియో తెరిచింది. మునెమ్మ కనపడే ముక్కలు ఐదున్నాయి. నాలుగింటిని కోసేసింది, ఎవరికీ తేడా తెలియదు. ఐదోది చిక్కు. కుట్టు కేంద్రం పెట్టిన రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ కాంతిమతి గారు తుంటి విరిగి ఏడాదిన్నర మంచం మీద ఉండి, ఆ రోజు హాలు గుమ్మం నుంచి వేదిక మీది కుట్టు మిషను దాకా తన కాళ్ళతో నడిచింది. బయల్దేరే ముందు పక్కన ఎవరుంటే వాళ్ళ చెయ్యి పట్టుకుంది. ఆ ఉన్నది మునెమ్మ. కెమెరా తిరుగుతోందని తెలిసేసరికి నడక సగమైపోయింది. మొత్తం ముప్పై ఎనిమిది సెకన్లు. పక్కపక్కనే రెండు మొహాలు.

సువార్త మీరావలికి ఫోన్ చేసింది. అవతల నాదస్వరం మోత.

"ఆ ముక్క కొయ్యమాక సువార్తమ్మా! ఆ పోగ్రాంలో ఉండేదే అది. ఆవిడ కాడ చదివినోళ్ళు ఊరంతా ఉన్నారు, ఆవిడ నడక కోసమే టీవీలు పెట్టుకు కూర్చుంటారు."

"మరి పిల్ల గతి?"

"మొహం మీద బ్లర్ వెయ్యి."

"నాకు రాదు గదా భాయ్."

"మూడింటికి కేబుల్ ఆఫీసు బాషా పెన్‌డ్రైవ్ కోసం వస్తాడు. అప్పటికి రావాల. ప్రభుదాసుకి ఫోన్ కొట్టు." లైను కట్టయింది. ప్రభుదాసు ఫోను అందుబాటులో లేదంది.

మునెమ్మను నీలం తెర వెనక కూర్చోబెట్టి, సువార్త నన్ను ప్రభుదాసు కంప్యూటరుకు తగిలించింది. అతని మౌస్ ఆమె చేతికి అలవాటు లేదు. పదింబావు.

ఇక్కడ ఆమె చేసిన పొరపాటు ఆల్బమ్ చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. సెకనుకు పాతిక బొమ్మలు ఉంటాయని ఆమెకు తెలుసు. ఆల్బమ్‌లో పాతిక పేజీలుంటే పాతికనూ విడివిడిగా చెయ్యాలి, ఒక పేజీ ఇంకో పేజీని చేసిపెట్టదు. అందుకని వీడియోను బొమ్మకొక ముక్కగా కోసింది. ముక్క ముక్కకూ మొహం మీద మబ్బులాంటి బ్లర్ ఒకటి పెట్టి, దాన్ని చేత్తో జరిపింది. నొక్కు, లాగు, వదులు. నొక్కు, లాగు, వదులు. గంట గడిచేసరికి నాలుగు సెకన్లు అయ్యాయి. ఆడించి చూస్తే మబ్బు జ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

నేను లెక్క కట్టాను. గంటకు నాలుగు సెకన్లు. మిగిలినవి ముప్పై నాలుగు. ఈ తీరున సాగితే పని ముగిసేది సాయంత్రం ఏడు ముప్పావుకు. ప్రోగ్రాం నాలుగింటికి. కూలికి భయపడను, కాని పనికిరాని కూలి ఇస్తున్నామని తెలిసి ఇవ్వడం మహా కష్టం.

ఆమె కూడా అదే లెక్క కట్టినట్టుంది. అరచేయి చెమటపట్టి నేను జారుతున్నాను. పదకొండున్నరకు ప్రభుదాసు ఫోన్ దొరికింది. వెనక రైలు చప్పుడు.

"పేజీలుగా కోశావా! అయ్యో అక్కా, అన్నీ చెరిపెయ్. ముక్క ఒకటే ఉండాలి. మబ్బు పక్కన గడియారం గుర్తు ఉంటది చూడు, అది నొక్కు."

"నొక్కా. ఒక చుక్క పడింది."

"దాన్నే కీఫ్రేమ్ అంటారు. ఈ క్షణాన మబ్బు ఇక్కడుంది అని చెప్పినట్టు. ఇప్పుడు ముందుకి పోయి, అక్కడ మొహం యాడుందో ఆడకి మబ్బుని జరుపు. ఇంకో చుక్క దానంతటదే పడతది. మధ్యలో సంగతి నువ్వు పట్టించుకోమాక. నువ్వు రెండూళ్ళు చెప్పు, దారి అదే వేసుకుంటది. ఇంకో మాట, పని అయ్యేదాకా ఆ గడియారాన్ని మళ్ళీ ముట్టుకోబాక, ముట్టుకుంటే..."

రైలు సొరంగంలోకి పోయిందో, సిగ్నలే పోయిందో, మాట అక్కడ ఆగింది.

సువార్త అన్నీ చెరిపి, నడక మొదట్లో ఒక చుక్క, చివర ఒక చుక్క పెట్టి ఆడించింది. మబ్బు నిజంగానే తనంతట తాను కదిలింది. ఆమె "యేసయ్యా" అంది. మూడో సెకనులోనే ఆ సంతోషం పోయింది. మబ్బు గుమ్మం నుంచి మిషను దాకా తాడు కట్టి లాగినట్టు తిన్నగా పోయింది. మునెమ్మ తిన్నగా నడవలేదు. కుర్చీల పక్కన వంగింది, మెట్టు దగ్గర పైకి లేచింది. మబ్బు ఒక దారి, మొహం ఒక దారి. ఒక చోట మబ్బు పోయి కాంతిమతి గారి మొహం మీదే కూర్చుంది.

సువార్త ఒక్కో చోటా ఆపి చూసింది. తిన్నగా పోయినంతసేపూ చుక్క అక్కర్లేదు. మలుపు తిరిగిన చోట కావాలి. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. మలుపు మలుపుకూ ఒక చుక్క పెట్టుకుంటూ పోయింది. పన్నెండో సెకనులో పెద్దావిడ ఆయాసం తీర్చుకోవడానికి రెండు సెకన్లు ఆగింది. మబ్బు ఆగలేదు, మెల్లగా జారుకుంటూ పోయింది. ఆగమని చెప్పడం ఎలాగో సువార్తకు తెలియలేదు. పదినిమిషాలు తన్నుకులాడి, ఆగిన మొదట్లో పెట్టిన చుక్కనే ఆగిన చివర కూడా పెట్టింది. రెండూళ్ళూ ఒకటే అయితే ఇక నడిచేదెక్కడికి? మబ్బు నిలబడింది. పన్నెండు యాభైకి పద్నాలుగు చుక్కలతో పని ముగిసింది. తొమ్మిది వందల యాభై బొమ్మలకు పద్నాలుగు చుక్కలు. నా జన్మలో చూసిన మంచి బేరాల్లో అదొకటి.

సరిచూసుకోవడానికి మొదటి నుంచి ఆడిస్తోంది. అప్పుడు గుమ్మంలో నీడ పడింది.

"ఏమక్కా, పనిలో ఉండావా?"

సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. చేతిలో ఫోను.

"ఫోటోగ్రాఫర్ లేడండీ. ఐదింటికి రండి."

"ఫోటో దిగను లేక్కా. ఈ పిల్లని యాడన్నా చూసినావా అని." ఫోను ముందుకు పెట్టాడు. పెళ్ళికూతురి ముస్తాబులో మునెమ్మ. "నా పెళ్ళాం. అలిగి పోయింది. పనిలో చేరినా, హాస్టల్లో చేరినా ఫోటోలు అడుగుతారు గదా. ఫోటోకి మీ కాడికి రాక తప్పదు."

మనిషి తెలివైనవాడే. బజారులో ఎక్కడ ఏం దొరుకుతుందో తెలిసిన తెలివి. నీలం తెరకూ అతనికీ మధ్య నాలుగడుగుల దూరం ఉంది. తెర వెనక కుర్చీ కిర్రుమనలేదు, ఊపిరి కూడా వినపడలేదు.

"రోజూ వందమంది దిగుతారయ్యా. ఎన్ని మొహాలని గుర్తుపెట్టుకోను?" అంది సువార్త. గొంతు మామూలుగానే ఉంది. నన్ను పట్టుకున్న వేళ్ళు మాత్రం నా డొక్కలు విరిగేటట్టు బిగిశాయి.

పెంచలయ్య వెళ్ళలేదు. మానిటరు వంక చూస్తున్నాడు. అందులో నడక సాగుతూనే ఉంది. ఆపితే అనుమానం, ఆపకపోతే భయం.

"ఆమె మొహం ఎందుకు మూసినారు?"

"పెద్దావిడ తోడికోడలి కూతురు. రెండిళ్ళకీ పడట్లేదు. మొహం కనపడకూడదన్నారు."

అతను నవ్వాడు. "మూసేస్తే ఇంకా దాన్నే చూడబుద్ధయితాది గదక్కా! నేనొచ్చినకాణ్ణించి ముసలామెని చూళ్ళేదు, ఆ మబ్బునే చూస్తుండా, ఎవురబ్బా అని. ఇదేనా నాలుగింటికి టీవీలో వచ్చేది? ఊళ్ళో ఆడోళ్ళు చానామంది ఉంటారంటనే దాంట్లో. లాడ్జిలో టీవీ చెడిపోయుండాది. ఈడికే వచ్చి చూస్తాలే."

వెళ్ళిపోయాడు. సువార్త బొమ్మను ఆపింది.

అతను చెప్పింది అక్షరాలా నిజం. మూటకట్టి పెట్టిన సరుకు మీదే బజారంతా కళ్ళు వేస్తుంది. అతనికే కాదు, టీవీ చూసే ఊరందరికీ అదే ప్రశ్న పుడుతుంది: ఎవరామె, ఎందుకు మూశారు? తెలిసినవాళ్ళు "మునెమ్మే గదా" అంటారు. ఆ మాట బస్టాండు దాకా పోవడానికి పూట పట్టదు.

తెర పక్కకు జరిగింది. మునెమ్మ బయటికి వచ్చింది. "ఏం చేద్దామక్కా?"

సువార్త గడియారం చూసింది. ఒకటీ పది. తరవాత ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది.

"ఆల్బమ్ అయితే నేను మొహం మీద మసి పూస్తానా మునెమ్మా? ఫ్రేమే జరుపుతా గదా."

మబ్బును తీసేసింది. పద్నాలుగు చుక్కలూ దానితో పోయాయి, ఆమె వెనక్కి చూడలేదు. మీరావలి కెమెరా బొమ్మను చాలా పెద్దగా తీస్తుంది. కేబులు వాళ్ళకు అందులో నాలుగో వంతు చాలు. ఆ నాలుగో వంతు ఎక్కడుండాలో చెప్పే అధికారం ఆమెదే. మొహం కదిలినట్టు మబ్బును కదపగలిగితే, పెద్దావిడ కదిలినట్టు చూపును కదపలేమా? ఈసారి చుక్కలు రెండింటికి: ఎంత దగ్గరగా చూడాలి, ఎటు చూడాలి.

గుమ్మం, హాలు, కుర్చీలు. మెల్లగా పెద్దావిడ మొహం దగ్గరికి. ఎడమ పక్క ఉన్న మునెమ్మ తెర అంచు దాటి బయటికి పోయింది. పన్నెండో సెకనులో పెద్దావిడ ఆగితే చూపూ ఆగింది. ఆగడం కుదుపుగా ఉంటే చుక్క మీద కుడి మీట నొక్కి వెతికింది, మెత్తబరిచే మాట ఒకటి దొరికింది. ఇరవై ఒకటో సెకనులో గండం వచ్చింది. కాంతిమతి గారు పక్కకు తిరిగి మునెమ్మతో ఏదో అని నవ్వింది, మునెమ్మ మొహం వంగి దగ్గరికి వచ్చింది. ఎంత జరిపినా ఇద్దరూ పడుతున్నారు. సువార్త చూపును కిందికి దించింది. చెప్పుల్లేని ముసలి పాదాలు, ఒకటి ముందు ఒకటి వెనక, చీర కుచ్చిళ్ళు తగులుతూ. ఆరు సెకన్లు పాదాలే. ఆ తరవాత మళ్ళీ మొహం.

ఒకటి మాత్రం తప్పించలేకపోయింది. పెద్దావిడ మోచేయి పట్టుకున్న మునెమ్మ కుడి చేయి. దాన్ని తీయాలంటే పెద్దావిడనే తీయాలి.

రెండు గంటలయ్యేసరికి ఇరవై రెండు చుక్కలు పడ్డాయి. రెండూ పదికి నా వల్ల అనర్థం జరిగింది. ఆమె చుక్క పెట్టబోయి, తొందరలో జారి, పక్కనున్న గడియారం గుర్తును నొక్కింది. అంచున కాదు, నడిమధ్యన. నేను నా జబ్బు కొద్దీ రెండుసార్లు పలికాను. మొదటి నొక్కుకు గడియారం ఆరిపోయి చుక్కలన్నీ చెరిగాయి. రెండో నొక్కుకు అది మళ్ళీ వెలిగి, ఒంటి చుక్క పెట్టి అమాయకంగా కూర్చుంది. ప్రభుదాసు ఫోనులో మధ్యలో తెగిపోయిన మాట ఇదే.

సువార్త ఎడమ చేత్తో వెనక్కి తీసుకునే మీటలు కొట్టింది. ఒంటి చుక్క పోయింది. మిగతావి రాలేదు.

"పోయాయి మునెమ్మా. అన్నీ పోయాయి."

నేను చాలామంది చేతుల్లో నలిగాను కాని, ఆ నిమిషాన నాకు పట్టిన సిగ్గు ఎప్పుడూ పట్టలేదు. చేయి నా మీద చచ్చినట్టు పడి ఉంది. తరవాత ఉన్నట్టుండి లేచింది.

"ఈ ముదనష్టపు మౌసు రెండుసార్లు నొక్కింది గదా! నేను ఒక్కసారే వెనక్కి పోయా."

ఇంకొకసారి కొట్టింది. ఇరవై రెండు చుక్కలూ వరసగా వచ్చి కూర్చున్నాయి.

రెండూ నలభై ఒకటికి ఆఖరి చుక్క పెట్టి, ఫైలు తయారు కమ్మని చెప్పింది. ఆకుపచ్చ గీత చీమలా పాకింది. మూడింటికి అయిదు నిమిషాలుండగానే బాషా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మీసాలు నెరిసిన మనిషి, ఓపిక ఎప్పుడో నెరిసిపోయింది.

"ఏందమ్మా, మీరావలి ఉంటే రాగానే చేతిలో పెడతాడే! మా ఇంజినీరు నన్ను తింటాడు."

"తింటే అరగదులే అన్నా. నాలుగు నిమిషాలు కూర్చో."

మూడూ నాలుగుకు పెన్‌డ్రైవ్ తీసుకుపోయాడు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారైనా ఆడించి చూసుకునే వ్యవధి సువార్తకు చిక్కలేదు. చుక్కలు పెట్టిన చోట ఆమెకు భయం లేదు. మధ్యలో దారి దానంతటదే వేసుకుంటుంది, ఆ దారిలో ఎక్కడైనా మొహం తొంగి చూస్తే తెలిసేది ఊరందరితో పాటే.

నాలుగింటికి రెండు నిమిషాలుండగా పెంచలయ్య వచ్చాడు. కుర్చీ లాక్కుని టీవీ కింద కూర్చున్నాడు. నీలం తెర వెనక మునెమ్మ, అతను బజారులోనే తిరుగుతున్నాడని అప్పటిదాకా గడప దాటలేదు. బయటికి పోయే దారి వేరే లేదు.

దీపం వెలిగించారు. ప్రసంగాలు. పెంచలయ్య ప్రతి మొహం దగ్గరా ముందుకు వంగి, కాదనుకుని వెనక్కి వాలాడు. తరవాత గుమ్మం వచ్చింది. సువార్త చేయి నా మీదే ఉంది, టీవీలో సాగేదాన్ని నన్ను నొక్కి ఆపలేనని తెలిసినా. అయిదు. పన్నెండు, పెద్దావిడ ఆగింది. ఇరవై ఒకటి, పాదాలు. ఇరవై ఏడు, మళ్ళీ మొహం. ముప్పై ఒకటో సెకనులో చూపు ఆమె అనుకున్నదానికంటే ఒక్క వెంట్రుక ఎడమకు వంగింది. తెర అంచున ఒక జడ చివర మెరిసి పోయింది. పెంచలయ్య లేచి టీవీ దగ్గరికి నడిచాడు.

తెర మీద ఒక ముసలి మోచేయి, దాన్ని పట్టుకున్న ఒక చేయి. అతని మొహానికి జానెడు దూరంలో. అతను దాన్ని తిన్నగా చూశాడు. కాంతిమతి గారు మిషను మీద చెయ్యి వేసింది. చప్పట్లు.

"బాగా నడిచింది ముసలామె," అన్నాడు. "మబ్బు యాడ పోయింది?"

"తీసేశా."

"ఇప్పుడు బాగుండాది." కుర్చీని తెచ్చినచోటే పెట్టాడు. "ఈ ఊళ్ళో లేనట్టుందక్కా. బాపట్లలో చూస్తా."

బస్టాండు వైపు మలుపు తిరిగేదాకా సువార్త గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి వచ్చి టీవీ కట్టేసింది. మునెమ్మ తెర తీసుకుని వచ్చింది.

"ఆ చెయ్యి కనపడ్డప్పుడు నా పని అయిపోయిందనుకున్నా," అంది సువార్త. "తియ్యటం నావల్ల కాలేదు మునెమ్మా."

మునెమ్మ తన కుడి చేయి బల్ల మీద పెట్టింది. చిటికెన వేలు మిగతావాటితో కలవకుండా పక్కకు వంగి ఉంది.

"ఇది వాడే తలుపు సందులో పెట్టి ఇరిచినాడక్కా. ఆరేండ్లు వాడికి ఈ చేత్తోనే అన్నం పెట్టినా. జానెడు దూరంలో చూసినాడు గదా, నేను తెర సందులోంచి చూస్తానే ఉండా." చేయి వెనక్కి తీసుకుంది. "వాడికి తెలీదక్కా. మొహం తప్ప ఏందీ తెలీదు."

పెంచలయ్య మళ్ళీ ఆ ఊరు రాలేదు. మునెమ్మ గడియారస్తంభం దగ్గర జాకెట్లు కుడుతోందని, చేతినిండా పని ఉందని షాపులో మాటల్లో విన్నాను. సువార్త వీడియో పని కూడా పట్టింది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఏ ముసలివాళ్ళు నడిచినా ఆరు సెకన్లు పాదాలు చూపిస్తుంది, ఊళ్ళో అది ఒక వాడుక అయిపోయింది. ఆ ఏడాది పెళ్ళిళ్ళ సీజనులో నా ఎడమ మీట పూర్తిగా చచ్చిపోయింది. తెగిన వైర్లు, కాలిన ఛార్జర్లతో పాటు ఒక అట్టపెట్టెలో వేశారు. పాత సామాన్లవాడు వచ్చినప్పుడు కిలోల్లో పోతాను.

పేకాటకు పోయినవీ, మార్కులకు పోయినవీ తీసేస్తే నాకు మిగిలినవి ఆ పూట చుక్కలే. ఇంకొక నొక్కు కూడా ఉంది. ఆ సాయంత్రం సువార్త, "నువ్వే చూడు ఎట్టా నడిచావో, ఇక్కడ నొక్కు" అని మునెమ్మ చేతిని నా మీద పెట్టింది. కంప్యూటరు ఎప్పుడూ ముట్టని చేయి. నాలుగు వేళ్ళు నా వీపు మీద సర్దుకున్నాయి, అయిదోది పట్టక బయటికి నిలబడింది. ఆమె భయంభయంగా, అంచున కాదు, నడిమధ్యన నొక్కింది. ఆ ఒక్కసారి మాత్రం నేను ఒక్కసారే పలికాను. తెర మీద పెద్దావిడ నడక మొదలుపెట్టింది.